మొప్ప ఎత్తి చూడు

పెద్దాసుపత్రి వెనక మెట్లకింద మా గది.
ఒక ఫోను, రెండు బీరువాలు,
కిటికీ తీస్తే జగదాంబ వైపు హారన్లు,
పోర్టు వైపు నుంచి ఎర్రటి దుమ్ము.
పొద్దున్నే పుస్తకాల అట్ట మీద వేలు పెడితే
వేలికి విశాఖపట్నం అంటుకుంటుంది.

మందుల గురించి ఎవరేమడిగినా
చెప్పడం మా ఉద్యోగం.

చేరిన కొత్తలో ఒక వార్డు నుంచి ఫోనొస్తే
పది సెకన్లలో చెప్పేశాను, తడుముకోకుండా.
సరైన జవాబే.
అయినా పైల నూకరత్నం మేడమ్ కళ్లద్దాలు కిందికి దించి
"ఎక్కడ చూశావు?" అంది.
"గుర్తుందండీ."
"గుర్తున్నది నీకు. మింగేది వాళ్లు."

మేడమ్ వాళ్లమ్మ ఫిషింగ్ హార్బర్లో
బుట్ట ముందు కూర్చుని నలభై ఏళ్లు చేపలమ్మింది.
అందుకే కాబోలు, ఏ పుస్తకం తెచ్చినా
ముందు అట్ట తిప్పి సంవత్సరం చూస్తుంది.
"మొప్ప ఎత్తి చూడు" అంటుంది.
"వంజరం రెండోరోజు కూడా మెరుస్తూనే ఉంటుంది.
ఎరుపు లోపల ఉండాలి."

మెరిసేవి చాలానే వస్తాయి మా గదికి.
కంపెనీ కుర్రాడు తెచ్చే నున్నటి కాగితం,
దాంతోపాటు ఒక పెన్ను, ఒక క్యాలెండరు.
పెన్ను బాగానే రాస్తుంది.
కాగితం మీద టీ గ్లాసులు పెడతాం.
అందులో గ్రాఫు ఎంత నిటారుగా లేస్తే
మేడమ్‌కి అంత అనుమానం.
"అడుగున చిన్నక్షరాల్లో చూడు, డబ్బెవరిదో."

నిన్న సాయంత్రం ఐదూ నలభైకి
ఘాటు మీది పీహెచ్‌సీ నుంచి సిస్టరు, పాంగి దేవమణి.
సిగ్నలు తెగుతూ, అతుకుతూ.
"మలేరియా అండి, వైవాక్స్.
ప్రైమాక్విన్ పద్నాలుగు రోజులని చార్టులో ఉంది.
తల్లి పాలిత్తంది. ఇచ్చీమంటారా?"

నోటిదాకా వచ్చిన జవాబు మింగాను.
"బిడ్డకి ఎన్నాళ్లు సిస్టర్?"
"నలభై రోజులండి."

మొదట లావు పుస్తకం.
వద్దు, అంది ఒక్క ముక్కలో.
ఎందుకు వద్దో చెప్పలేదు, పెద్దమనిషి కదా.
మందు డబ్బాలోని మడతల కాగితం
దేనికైనా వద్దనే అంటుంది, కోర్టుకి భయపడి.
మార్గదర్శకాలు కాస్త నయం:
బిడ్డ రక్తంలో ఫలానా ఎంజైము సరిగా ఉందని తేలితే సరే,
లేకపోతే ఆగు.
ఆఖరికి దొరికింది ఒక చిన్న అధ్యయనం.
కొద్దిమంది తల్లుల పాలు కొలిచి
మందు దిగింది బహు తక్కువ అన్నారు.
నాకు ప్రాణం లేచొచ్చింది. మేడమ్‌కి చూపించాను.
"ఎవర్ని తీసుకున్నారో చదివావా?"
చదివాను. ఎంజైము లోపం ఉన్న బిడ్డల్ని
ముందే పక్కకు తప్పించారు.
మనం అడిగేదే వాళ్ల గురించి.

నాలుగు కాగితాలూ బల్లమీద పరుచుకుని కూర్చున్నాను.
ఏదీ అబద్ధం చెప్పలేదు.
బయట డాల్ఫిన్ నోస్ మీద దీపం తిరగడం మొదలైంది.
లోపలికి రావాల్సిన ఓడ ఏదో
పైలట్ కోసం అలల మీద ఆగి ఉంది.

ఏడూ ఐదుకి నేనే ఫోను చేశాను.
"క్లోరోక్విన్ ఈ రాత్రే మొదలెట్టండి. పాలు ఆపక్కర్లేదు.
ప్రైమాక్విన్ మాత్రం ఆపండి,
తల్లికీ బిడ్డకీ జీ సిక్స్ పీడీ పరీక్ష అయ్యేదాకా."
"ఆ పరీక్ష మాకాడ నేదండి."
"పొద్దున్న బండిలో శాంపిల్ పంపండి. ల్యాబుకి నేను చెప్తాను."

అవతల కాసేపు గాలి చప్పుడు.
తెగిపోయిందనుకున్నాను.

"రాసుకుంతన్నానండి.
ఇంతకీ ఏ పుస్తకంలో చూసారు?
ఏ సంవత్సరందండీ అది?"

మేడమ్ రిజిస్టరులో గీత గీస్తోంది, తల ఎత్తలేదు.
గీత మాత్రం కొంచెం వంకర పోయింది.

పేజీ నంబర్లు ఒక్కొక్కటే చదవడం మొదలెట్టాను,
సిగ్నలు తెగినప్పుడల్లా
మళ్లీ మొదటినుంచి.